మోటుపల్లి: ఒకనాటి రేవు, నేటి పల్లె

చెన్నై – విజయవాడ రైలుమార్గములో చీరాల దాటి దక్షిణముగా వెళ్ళినప్పుడు చినగంజాం అను చిన్న స్టేషను వచ్చును. చుట్టూ ఉప్పు మడులు, ఇసుక నేలలు. అక్కడికి దగ్గరలో, బంగాళాఖాతపు ఒడ్డున మోటుపల్లి అను గ్రామము కలదు. పూర్వము గుంటూరు జిల్లాలోను, తరువాత ప్రకాశం జిల్లాలోను ఉండి, 2022 నుండి బాపట్ల జిల్లాలో చేరినది. వ్యవసాయము, చేపల వేట మీద బ్రతికే చిన్న ఊరు. పేరు చివర ఉన్న ‘పల్లి’ అను మాట ఈనాడు దానికి చక్కగా సరిపోవును. అయితే సుమారు 730 సంవత్సరముల క్రితము వెనిస్ నగర వర్తకుడు ఒకడు తెలుగు రాజ్యమంతటికీ ఈ ఊరి పేరే పెట్టి తన గ్రంథములో వ్రాయించినాడు. ఓరుగల్లు పేరు అతనికి తట్టలేదు. మోటుపల్లి పేరు మాత్రము ఎరుగును.

అంతటి రేవు ఇంత చిన్న పల్లెగా ఎట్లు మారినది? పాత రేవుల గూర్చి ఎవరిని అడిగినను, సముద్రము మింగినదనియో, సముద్రము వెనుకకు పోయినదనియో, ఇసుక మేట వేసినదనియో చెప్పుదురు. అందులో నిజము లేకపోలేదు. కాని మోటుపల్లి విషయములో మొదట అడుగవలసిన ప్రశ్న వేరు. అక్కడ రేవు ఎందుకు పోయినది అని కాదు, అసలు అక్కడ రేవు ఎట్లు ఏర్పడినది అని. విశాఖపట్నమునకు ఉన్నట్లు దానికి కొండ అండ లేదు. మచిలీపట్నమునకు వలె కృష్ణా ముఖద్వారము చేరువలో లేదు. గాలికి, అలకు అడ్డు లేని తెరపి తీరము అది. పెద్ద ఓడలు దూరముగా లంగరు వేసుకొనగా, చిన్న పడవలు అలల మీదుగా సరకును ఒడ్డుకు చేర్చవలసినదే. ఆ మాటకు వచ్చిన చెన్నపట్నములో సైతము 19వ శతాబ్దపు చివరి భాగము వరకు ఇదే పద్ధతి. ఇక తుపానుల సంగతి ఈ తీరము వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన చీరాల – నిజాంపట్నం ప్రాంతములోనే తీరము దాటినది.

ఇట్టి చోటికి చీనా కర్పూరము, పట్టు, ముత్యములు, మిరియములు వేసుకొని ఓడలు ఏల వచ్చినవి? సమాధానము ఆ ఊరి వీరభద్రస్వామి ఆలయములోని రాతి స్తంభము మీద ఉన్నది.

అంతకు ముందు కొంచెము పూర్వకథ చెప్పవలెను. మోటుపల్లి కాకతీయులు కట్టించిన ఊరు కాదు. అంతకు పూర్వమే అది పట్టణము. శాసనములో దానికి దేశ్యుయ్యకొండపట్టణము అను మరియొక పేరు కనబడుచున్నది. ఆ పేరులో అరవపు వాసన స్పష్టము. ‘ఉయ్యకొండ’ అనునది చోళరాజుల బిరుదులకు చెందిన మాట. వెలనాటి చోడులు చందవోలు నుండి ఈ తీరమును ఏలిన కాలములో చోళ సామ్రాజ్యముతో వారికి గల సంబంధము తెలిసినదే గనుక ఇందులో ఆశ్చర్యము లేదు.

కాకతీయ గణపతిదేవుడు 1199లో రాజ్యమునకు వచ్చాడు. ఓరుగల్లు సముద్రమునకు చాలా దూరము. లోతట్టు రాజ్యమునకు సైన్యము కొరకు గుఱ్ఱములు కావలెను, ఏనుగులు కావలెను. మేలుజాతి గుఱ్ఱములు అరబ్బు, పారశీక దేశముల నుండి ఓడల మీదనే రావలెను. కనుక వెలనాడు, దివిసీమలను వశపరచుకొనుట గణపతిదేవుని తొలి పనులలో ఒకటి అయినది. దివి పాలకుల ఇంటి ఆడపడుచులైన నారమ, పేరమ అను ఇద్దరిని అతడు వివాహమాడి, వారి సోదరుడు జాయపను తన కొలువులో సేనానిగా చేసుకొన్నాడు. నృత్తరత్నావళి రచించిన జాయపసేనాని ఇతడే. పాఠకులలో నాట్యశాస్త్రము తెలిసినవారికి ఆ పేరు పరిచయమే. తీరము చేతికి వచ్చినది. ఇక ఓడలు రావలెను. ఓడలు సైన్యమునకు లొంగి రావు.

శక సంవత్సరము 1166, అనగా క్రీ. శ. 1244–45లో, గణపతిదేవుడు మోటుపల్లిలో ఒక శాసనము వేయించాడు. దానికి చరిత్రకారులు అభయశాసనము అని పేరు పెట్టినారు. సంస్కృతములోను, తెలుగులోను ఉన్నది. అన్ని ద్వీపములకు, దేశములకు, పట్టణములకు ఓడల మీద పోయివచ్చు వర్తకులను ఉద్దేశించి రాజు పలికిన మాట అది. దాని సారాంశము ఇట్లున్నది. ఒక దేశము నుండి మరియొక దేశమునకు బయలుదేరిన ఓడలు గాలివానకు చిక్కి, పగిలి, దారి తప్పి ఒడ్డునకు కొట్టుకొనివచ్చినప్పుడు, పూర్వపు రాజులు వాటిలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మొదలగు సర్వస్వమును బలవంతముగా లాగుకొనుచుండిరి. మేము అట్లు చేయము. ప్రాణము కంటె ధనమే ఎక్కువ అని తలచి సముద్రయానపు సాహసమునకు దిగిన వారి మీద దయతోను, కీర్తి కొరకు, ధర్మము కొరకును, నిర్ణయించిన సుంకము తప్ప మిగిలినది అంతయు వారికే విడిచిపెట్టుచున్నాము. ఆ సుంకము ఎగుమతికైనను, దిగుమతికైనను ముప్పదింట ఒక పాలు.

ఈ మాటలలో ఒక సంగతి నన్ను మిక్కిలి ఆకర్షించును. పూర్వపు రాజులు దోచుకొన్నారని రాజే రాతి మీద చెక్కించి ఒప్పుకొనుచున్నాడు. శాసనములలో సామాన్యముగా పూర్వరాజుల పొగడ్త ఉండును, వంశావళి ఉండును, బిరుదులు ఉండును. ఇక్కడ ఒక తప్పు పని పేరు పెట్టి చెప్పబడినది. అది విన్న వర్తకుడు నమ్మవలెనన్న అంత సూటిగా చెప్పక తప్పదు. తనకు జరిగిన అన్యాయము రాజునకు తెలియునని అతనికి తోచవలెను. వర్తకుని గూర్చి పలికిన మాటలో చిన్న ఎత్తిపొడుపు కూడ ఉన్నట్లు నాకు అనిపించును. ప్రాణము కంటె డబ్బు ముఖ్యమనుకొనేవాడా, సరే, నీ డబ్బు నీకే ఉండనీ అన్నట్లున్నది.

కొట్టుకొనివచ్చిన ఓడను స్వాధీనము చేసుకొనుట ఆ కాలములో దొంగతనముగా భావింపబడలేదు. అది రాజుల హక్కు. కేరళ తీరములోని ఏళిమల గూర్చి మార్కోపోలో వ్రాయించిన ముక్క ఇందుకు సాక్ష్యము. మరియొక రేవునకు పోవలసిన ఓడ ఏదైన అక్కడికి వచ్చి లంగరు వేసినచో, నీవు వేరొక చోటికి బయలుదేరితివి, దేవుడే నిన్ను మా వద్దకు పంపినాడు అని చెప్పి సరకంతయు దోచుకొనువారట. తమ రేవునకే వచ్చిన ఓడలను మాత్రము మర్యాదగా చూచువారట! ఇంగ్లండులో మూడవ హెన్రీ రాజు 1236లో ఈ హక్కును కొంత తగ్గించాడు. పగిలిన ఓడ నుండి మనిషిగాని జంతువుగాని ప్రాణముతో బయటపడినచో ఆ సరకు యజమానిదే అని చెప్పాడు. 1275 నాటి వెస్ట్‌మినిస్టర్ చట్టము మనిషితో పాటు కుక్కను, పిల్లిని కూడ పేర్కొన్నది. అనగా ఓడలోని పిల్లి ఈదుకొని ఒడ్డుకు చేరినచో వర్తకుని సరకు నిలిచినట్లే. మోటుపల్లి రాతి మీద పిల్లి అక్కరలేదు, మనిషి అక్కరలేదు. ఓడ పగిలిననూ సరకు వర్తకునిదే. రెండింటికీ నడుమ ఎనిమిది, తొమ్మిది ఏండ్లే తేడా. ఒకరి మాట మరియొకరు విని ఉండరు. సముద్రవర్తకము పెరిగిన చోటనెల్ల ఇదే ప్రశ్న రాజుల ముందుకు వచ్చినదని గ్రహించవలెను.

అభయము ఇచ్చిన పిదప శాసనము సుంకముల పట్టికలోనికి దిగును. సామాన్య పాఠకునకు ఇది విసుగు పుట్టించు భాగము. కాని ఆనాటి రేవును కన్నులారా చూడవలెనన్న ఈ పట్టికను మించినది లేదు. గంధపు చెక్క, దేశవాళీ కర్పూరము, చీనీ కర్పూరము, ముత్యములు, పన్నీరు, ఏనుగు దంతము, జవ్వాది, కర్పూర తైలము, రాగి, తుత్తునాగము, సీసము, పట్టునూలు, పగడములు, సుగంధ ద్రవ్యములు, మిరియములు, పట్టుబట్టలు, పోకలు. పోకలకు లక్ష కాయల లెక్కన సుంకము. లక్ష పోకకాయలను ఆ ఇసుకలో ఎవరు లెక్కించినారో, ఎన్ని గంపలలో కొలిచినారో! ఈ సరకులలో పెక్కు భాగము తూర్పు దీవుల నుండి, చీనా నుండి, దక్షిణ తీరము నుండి రావలసినవే. వాటిని దింపుటకు పడవవాండ్రు, మోయుటకు కూలీలు, తూచుటకు తూనికదారులు, వ్రాయుటకు కరణాలు, లోపలికి తోలుటకు ఎడ్లబండ్లు, పెరికెఎడ్లు. ఒక్క పల్లెలో ఇందరు ఇమడరు. పట్టణము అను మాట ఊరకనే పేరులో చేరలేదు.

గణపతిదేవుని తరువాత అతని కుమార్తె రుద్రమదేవి 1262 నుండి పాలించినది. మోటుపల్లి కీర్తి పడమటి దేశములకు చేరినది ఈ కాలములోనే. మైలాపూరులోని పరిశుద్ధ తోమా సమాధి గూర్చి వ్రాసినవాడుగా మన సంఘముల వారు ఎరిగిన మార్కోపోలోయే, ఆ భాగమునకు ప్రక్కనే ‘ముత్ఫిలి’ రాజ్యమును వర్ణించాడు. ముత్ఫిలి అనగా మోటుపల్లియే అని పండితులు నిర్ణయించారు. నావికుల నోట రేవు పేరే దేశము పేరు అయినది. అక్కడ ఒక రాణి పాలించుచున్నదనియు, ఆమె న్యాయమును, శాంతిని కాపాడుచున్నదనియు, ప్రజలు ఆమెను మిక్కిలి ప్రేమించుచున్నారనియు చెప్పాడు. అక్కడి సన్నని నూలుబట్టలను సాలెగూడుతో పోల్చాడు. చీరాల, వేటపాలెములలో మగ్గముల చప్పుడు ఎరిగినవారికి ఈ మాట చదివినప్పుడు సంతోషము కలుగక మానదు.

అయితే మార్కోపోలో మాటలన్నియు యథాతథముగా తీసుకొనరాదు. రాణి తన భర్త చనిపోయిన పిమ్మట 40 ఏండ్లుగా ఏలుచున్నదని అతడు చెప్పాడు. రుద్రమ గణపతిదేవునికి భార్య కాదు, కుమార్తె. ఆమె ఏలినది 27 ఏండ్లు. నల్లగొండ ప్రాంతములోని చందుపట్ల శాసనము వలన ఆమె 1289 నాటికే మరణించినదని తెలియుచున్నది. మార్కోపోలో చీనా నుండి ఓడ మీద తిరుగు ప్రయాణము చేసి ఇండియా తీరము దాటినది ఆ తరువాతనే. కాబట్టి అతడు చెప్పినది నావికుల నోట విన్న పాత వార్త అని నా అభిప్రాయము. లోయలలోనికి మాంసపు ముక్కలు విసరగా, వాటికి అంటుకొన్న వజ్రములను డేగలు పైకి తెచ్చునను కథ కూడ అట్టిదే. ఆ కథను 4వ శతాబ్దములోనే సైప్రస్ బిషప్పు ఎపిఫానియస్ మరియొక దేశమునకు, మరియొక రత్నమునకు ముడిపెట్టి చెప్పియున్నాడు. సింద్‌బాద్ కథలలోను ఉన్నది. కథ కల్పితమైనను, కృష్ణాతీరపు వజ్రముల వార్త 13వ శతాబ్దములోనే సముద్రము దాటినదనుట మాత్రము నిజము. విన్న వార్తయే అయినను, ఎవరో నావికులు మోటుపల్లి గూర్చి మంచిగా చెప్పుకొన్నారు గదా! ఒడ్డున దోపిడి జరుగు చోట రాణి న్యాయమును గూర్చి ఏ నావికుడు పొగడడు. 1244 నాటి మాట రెండు తరముల వరకు చెల్లినది అనుటకు ఇంతకంటె సాక్ష్యము అక్కరలేదు.

1323లో ఢిల్లీ సైన్యముల చేతిలో ఓరుగల్లు పడిపోయినది. ప్రతాపరుద్రునితో కాకతీయ రాజ్యము ముగిసినది. మాట ఇచ్చిన వంశమే లేనప్పుడు మాట ఎవరు నిలుపుదురు? తీరములో కొంతకాలము ఎవరి అధికారము వారిది. ప్రోలయ వేమారెడ్డి అద్దంకి రాజధానిగా రెడ్డి రాజ్యమును స్థాపించిన పిదప ఈ తీరము మరల ఒక చేతి కిందికి వచ్చినది. అతని కుమారుడు అనపోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చాడు. 1358లో మోటుపల్లిలో మరియొక శాసనము వేయించాడు. ఇందులో ఊరికి ముకుళపురము అను సంస్కృత నామము ఉన్నది.

ఈ రెండవ శాసనము మూడు భాషలలో ఉన్నది. సంస్కృతము, తెలుగు, తమిళము. గణపతిదేవుని రాతి మీద తమిళము లేదు. చదువవలసిన వారికి అర్థమయ్యే భాషలో చెప్పవలెనన్న తలంపు అనపోతారెడ్డి మంత్రులకు కలిగినది. దక్షిణ తీరపు వర్తకులు రావలెనని వారి కోరిక. ఇచ్చిన వరములు కూడ మొదటి శాసనము కంటె ఎక్కువ. మోటుపల్లికి వచ్చి కాపురముండు వర్తకులను ఆదరించి వారికి నివాసభూములు ఇత్తుము. వారు పోదలచినప్పుడు ఆటంకము లేక పోవచ్చును. తమ సరకును తమకు ఇష్టమైన వారికి అమ్ముకొనవచ్చును. సంతానము లేక చనిపోయిన వర్తకుని ఆస్తిని రాజు తీసుకొనడు. కొన్ని సరకుల మీద సుంకము తగ్గించుచున్నాము.

దీనిని వైభవమునకు గుర్తుగా చెప్పువారు కలరు. నాకు అట్లు తోచదు. రెండు రాళ్ళను ప్రక్కప్రక్కన పెట్టి చదివినప్పుడు వేరొక సంగతి బయటపడును. మొదటి రాయి ఓడలలో వచ్చు వారితో మాటలాడుచున్నది. మీ సరకు ముట్టము, సుంకము కట్టి పొండు అని. రెండవ రాయి వచ్చి ఇక్కడ ఉండండి అని బ్రతిమాలుచున్నది. భూమి ఇత్తుము, పోవలెనన్న పోనిత్తుము, చచ్చినను మీ సొమ్ము ముట్టము అనుచున్నది. జనముతో కిటకిటలాడు ఊరిలో కాపురమునకు రమ్మని ఎవరును పిలువరు. 114 ఏండ్లలో మోటుపల్లిలో ఇండ్లు కొన్ని ఖాళీ అయియుండవచ్చును, వర్తకులు కొందరు కదలిపోయి ఉండవచ్చును. ఊరు కుదించుకొనిపోవుట 1358 నాటికే మొదలైనదేమో అని ఈ ఉదారమైన వరములను చూచినప్పుడు నాకు తోచును; ఇది నా ఊహయే, దీనికి నేరుగా ఆధారము లేదు.

ఆ పిలుపునకు ఫలము కొంత దక్కినది. రెడ్డిరాజుల కాలమున విదేశవర్తకము జోరుగానే సాగినది. శ్రీనాథ మహాకవి హరవిలాసమును అంకితము తీసుకొన్న అవచి తిప్పయసెట్టి కుమారగిరిరెడ్డికి సుగంధద్రవ్యములు సమకూర్చిన పెద్ద వర్తకుడు. సింహళపు ఏనుగులు, హురుమంజి గుఱ్ఱములు, చీనా పట్టువస్త్రములు తెప్పించిన ఘనత ఆ కావ్యములో అతని కుటుంబమునకు చెప్పబడినది. హురుమంజి అనగా పారశీక సింధుశాఖ ముఖమున ఉన్న హోర్ముజ్. కాని ఇది ఒక రాజు, ఒక వర్తక కుటుంబము చుట్టూ తిరిగిన వర్తకము. రాజు ఆదరము ఉన్నంతకాలమే దాని ఆయుస్సు.

తరువాతి కథ త్వరగా చెప్పవచ్చును. 1390లో విజయనగరపు దేవరాయల శాసనము మోటుపల్లిలో వెలసినది. అప్పటికే రెడ్ల పట్టు సడలినది. 15వ శతాబ్దములో కొండవీటి సీమ రెడ్ల నుండి విజయనగరమునకు, అటుపిమ్మట ఒడ్డె గజపతులకు మారినది. 1515లో శ్రీకృష్ణదేవరాయలు కొండవీడును గెలిచినాడు. ఆ శతాబ్దము ముగియకముందే అది గోలకొండ వారి వశమైనది. ఇన్ని చేతులు మారిన తీరములో ముప్పదింట ఒక పాలు అను లెక్కను ఎవరు జ్ఞాపకముంచుకొందురు? గోలకొండ సుల్తానులకు మచిలీపట్నము అనుకూలమైనది. 17వ శతాబ్దపు ఆరంభములో డచ్చివారు, ఇంగ్లీషువారు వచ్చినప్పుడు వారు వర్తకశాలలు పెట్టినది మచిలీపట్నములోను, నిజాంపట్నములోను. మోటుపల్లి వైపు వారు చూడలేదు. నిజాంపట్నము అక్కడికి ఎంతో దూరము లేదు. తీరము అదే, ఇసుక అదే, తుపానులు అవే. కనుక సముద్రము మీద నేరము మోపి ఊరకుండుట న్యాయము కాదని నా మనవి. ఈ ఇసుక తీరములో ఓడలు ఆగినది నీటి లోతును చూచి కాదు, ఒడ్డున ఉన్నవాని మాటను చూచి. ఆ మాట నిలుపగల రాజు ఏ ఒడ్డున ఉన్నచో రేవు ఆ ఒడ్డునకు జరిగినది.

ఇక మిగిలిన గుర్తులు. వీరభద్రస్వామి ఆలయము, కోదండరామస్వామి ఆలయము ఆ ఊరిలో నేటికిని ఉన్నవి. సుంకశాల, గోదాములు, వర్తకుల ఇండ్లు కంటికి కానరావు. కలపతోను, ఇటుకతోను కట్టినవి ఈ ఉప్పుగాలికి ఎంతకాలము నిలుచును? రాజులు, వర్తకులు పెట్టిన గొప్ప పేర్లు రెండును మాసిపోయినవి. దేశ్యుయ్యకొండపట్టణము అన్నను, ముకుళపురము అన్నను ఈనాడు ఎవరికిని తెలియదు. ఊరివారు పిలుచుకొన్న మోటుపల్లి అను పేరు నిలిచినది. 2008లో వాడరేవు, నిజాంపట్నముల వద్ద పెద్ద ఓడరేవులు కట్టుటకు ప్రభుత్వము ఒక ప్రణాళిక తలపెట్టినది. ఆ వాణిజ్య రేవులు కట్టబడలేదు. ఆ ప్రణాళిక పేరులోనైనను మోటుపల్లికి చోటు దొరకలేదు.

గణపతిదేవుని శాసనమును హుల్ట్జ్ అను జర్మను పండితుడు పరిష్కరించి, ఇంగ్లీషు అనువాదముతో ఎపిగ్రాఫియా ఇండికా 12వ సంపుటములో ప్రకటించాడు. నాటి నుండి చరిత్ర పుస్తకములన్నింటిలోను దాని ప్రస్తావన వచ్చుచున్నది. పరీక్షలలో అభయశాసనము వేయించినది ఎవరు అను ప్రశ్న వచ్చును, విద్యార్థులు ఒక్క పేరు వ్రాసి మార్కు తెచ్చుకొందురు. రాయి మాత్రము ఉన్నచోటనే ఉన్నది. మన ఊళ్ళలో జీర్ణోద్ధరణ పేరిట శాసనస్తంభములకు సున్నము కొట్టుట, రంగులు పూయుట, ఇసుక యంత్రముతో రాపిడి పెట్టుట సామాన్యమైపోయినది. ఒకసారి అట్లు చేసిన అక్షరము మరల రాదు. కాకతీయుల నాటి తెలుగు లిపి నేటి లిపికి అంత దూరమైనది కాదు. తలకట్టు తీరు, ఒత్తుల తీరు కొంచెము అలవాటు చేసుకొన్నవారు, ఎండ ఏటవాలుగా పడు ఉదయ సాయంకాలములలో చూచినచో, అక్కడక్కడ అక్షరములను కూడబలుకుకొనవచ్చును.